నాలుగు టెలిస్కోపులు, ఒకే చూపు

నిన్న ఇక్కడ తిరుపతిలో మా ఇంటర్ పిల్లలకి ఇంటర్‌ఫెరోమీటర్ గురించి, అంటే విడివిడి టెలిస్కోపుల వెలుగుని కలిపి ఒకటిగా చూసే ఏర్పాటు గురించి చెప్పాను, ఆ ఉత్సాహం ఇంకా తగ్గలేదు. చిలీలోని పరానల్ కొండ మీద 8.2 మీటర్ల అద్దాలున్న టెలిస్కోపులు నాలుగున్నాయి, వాటి వెలుగుని కొండ లోపలి సొరంగంలో కలిపితే దాదాపు 130 మీటర్ల టెలిస్కోపు చూసినంత సన్నటి వివరం దొరుకుతుంది. అయితే ఆ నాలుగు కిరణాలూ సరిగ్గా ఒకే దూరం నడిచి రావాలి, అందుకే నక్షత్రం కదిలేకొద్దీ పట్టాల మీద అద్దాల బండ్లు జరుగుతూనే ఉంటాయి. ఎంత ఓపికో! ఇలా కలిపి చూసేది ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే ఎరుపుకి అవతల మన కంటికి కనపడని వెలుగులో.

వెనక బెంచీ అమ్మాయి లేచి "ఇన్‌ఫ్రారెడ్డే ఎందుకు సార్?" అంది. మంచి ప్రశ్న. గ్రహాలు పుట్టేది కుర్ర నక్షత్రాల చుట్టూ తిరిగే దుమ్ములో, ఆ వెచ్చటి దుమ్ము వెలిగేది ఇన్‌ఫ్రారెడ్‌లోనే. అక్కడి మాటిస్ పరికరం చూసేది అదే. 2019లో అక్కడిదే గ్రావిటీ అనే ఇంకో పరికరం, హెచ్‌ఆర్ 8799 అనే నక్షత్రం చుట్టూ తిరిగే హెచ్‌ఆర్ 8799 ఈ అనే గ్రహం వెలుగుని నేరుగా పట్టుకుంది, ఆ గ్రహం మీద ఇనుము, సిలికేట్ (రాళ్లలో ఉండే ఖనిజం) మేఘాలట!

ఆ నక్షత్రం మనకీ కనిపిస్తుందా అని అందరూ ఒకటే గోల. గ్రహం కనపడదు గానీ నక్షత్రం బైనాక్యులర్‌కి అందుతుంది, కార్తీకంలో రాత్రి ఎనిమిదింటికి దాదాపు నడినెత్తిన ఉంటుంది. ఊరి లైట్లు దాటి చంద్రగిరి వైపు తీసుకెళ్తానని మాటిచ్చాను.