మా బాబాయ్ ఎక్స్‌రే రిపోర్టులో ఆఖరి లైను

క్యాన్సర్ ఆలస్యంగా పట్టుకున్నారని డాక్టర్ మీద కేసు వేయొచ్చా, వేస్తే నిలబడుద్దా అని ఈ మధ్య తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు అడిగారు. ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో మొదట్నుంచీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. నేను లాయర్ని కాదు, మా పిన్ని తరఫున ఫైలు చంకలో పెట్టుకుని గుంటూరుకీ విజయవాడకీ తిరుగుతున్నవాణ్ణి అంతే.

బాబాయ్ గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తా. సీజన్లో ఆ యార్డులో కాసేపు నిలబడితే మనకే తుమ్ములూ దగ్గులూ ఆగవు, ఇంక జీవితమంతా అక్కడే గడిపినాయన దగ్గితే ఎవరు పట్టించుకుంటారు, ఆయనే "యార్డులో దగ్గనోడు ఎవడ్రా" అనేవాడు. సాయంత్రాలు జ్వరం రావడం, చొక్కాలు వదులైపోవడం మొదలయ్యాక పిన్ని పోరు పడలేక ఒక చెస్ట్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. ఎక్స్‌రే తీయించారు, కళ్ళె పరీక్ష చేయిస్తే నెగటివ్ వచ్చింది, అయినా టీబీ అన్నారు. కళ్ళెలో కనపడకపోయినా టీబీ ఉండొచ్చు, అది నిజమే. మన దేశంలో ఎక్స్‌రేలో మచ్చ, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం అంటే ఏ డాక్టర్‌కైనా ముందు టీబీయే తడుతుంది, తట్టాలి కూడా. టీబీ మందులు మొదలుపెట్టడమే తప్పని మా లాయర్ గారు కూడా అనట్లేదు.

గొడవంతా ఆ తర్వాత దగ్గరే. టీబీ మందుల్లో మొదటి రెండు నెలలు గట్టి కోర్సు, అది అయ్యాక మళ్ళీ చూసి మిగతా నాలుగు నెలలు కొనసాగిస్తారు. బాబాయ్‌కి రెండు నెలలకి దగ్గు తగ్గలేదు సరికదా గొంతు బొంగురుపోయింది, ఎడమ భుజం లాగుతుందనేవాడు. గొంతు ఇన్ఫెక్షన్ అని దానికో సిరప్ రాసి, కోర్సు మధ్యలో ఆపొద్దన్నారు. మందులకి మూత్రం ఎర్రగా వస్తుంటే మందు పనిచేస్తుందనుకున్నాడు పాపం, అది ఆ బిళ్ళ రంగు. నడుం నొప్పితో మంచం దిగలేని స్థితికి వచ్చాక విజయవాడ తీసుకెళ్తే సీటీ, బయాప్సీ అన్నీ అయ్యి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని, ఎముకలకి పాకేసిందని చెప్పారు. కొన్ని నెలలకే పోయాడు.

పోయిన రోజు సలహాలకి కొదవలేదు. శవాన్ని తీసుకెళ్ళి ఆ హాస్పిటల్ ముందు పెడదాం అన్నవాళ్ళు కొందరు, ఫలానా నాయకుడికి చెప్తే సెటిల్‌మెంట్ చేయిస్తాడు అన్నవాళ్ళు కొందరు (ఆయన కమిషన్ ఎంతో కూడా చెప్పారు). పిన్ని ఒకటే అంది, "ఆయన్ని రోడ్డు మీద పెట్టను, ఏదన్నా ఉంటే కాగితం మీద తేల్చుకుందాం". అప్పుడు ఎవరికీ నచ్చలేదు గానీ, తర్వాత చూస్తే పనికొచ్చింది ఆ మాటే. ధర్నా చేసి అద్దాలు పగలగొడితే మన మీదే కేసు, హాస్పిటళ్ళ మీద దాడులకి మన రాష్ట్రంలో 2008 నుంచే ప్రత్యేక చట్టం ఉంది.

కర్మకాండలన్నీ అయ్యాక బీరువా పైనున్న ఎక్స్‌రే కవరు తీసి చూశాం. ఫిల్ముకి స్టేపుల్ చేసిన చిన్న కాగితం, రేడియాలజిస్ట్ రిపోర్ట్. ఎడమవైపు పైభాగంలో మచ్చ ఉంది, ఇన్ఫెక్షన్ కావచ్చు అని రాసి, ఆఖర్లో ఒక్క లైను: గడ్డ కాదని నిర్ధారించుకోవడానికి సీటీ స్కాన్ చేయించడం మంచిది. కవరు మీద తారీకు చూస్తే మందులు మొదలుపెట్టకముందుది. ఆ లైను మాకు ఎవరూ చదివి వినిపించలేదు. డాక్టర్ చీటీలన్నీ వరుసగా పేర్చి చూశాం, ఒక్క దాంట్లోనూ సీటీ అనే మాట లేదు.

లాయర్ గారు ముందు అన్నది, పోలీసు కేసు మాట మర్చిపోమని. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు డాక్టర్ మీద క్రిమినల్ కేసు నడవాలంటే మామూలు నిర్లక్ష్యం చాలదు, ఘోరమైనదై ఉండాలని చెప్పేసింది. మనకి దారి వినియోగదారుల కమిషన్. డాక్టర్ల సేవ కూడా వినియోగదారుల చట్టం కిందకే వస్తుందని 1995లోనే తేలింది, కాకపోతే అందరికీ ఉచితంగా చూసే ఆసుపత్రి అయితే రాదు. మనిషి చనిపోతే వారసులు వేయొచ్చు. 2019 చట్టం వచ్చాక ఏ కమిషన్‌కి వెళ్ళాలనేది మనం అడిగే నష్టపరిహారాన్ని బట్టి కాదు, వైద్యానికి కట్టిన డబ్బుని బట్టి. 50 లక్షల దాకా జిల్లా కమిషనే, 5 లక్షల లోపు కట్టినవాళ్ళకి ఫీజు కూడా లేదు. మేం కట్టింది దానికి చాలా తక్కువ.

ఇంతవరకూ సులువే. లాయర్ గారు ఆ తర్వాత అడిగిన ప్రశ్నకి మాత్రం మా ఇంట్లో ఎవరి దగ్గరా సమాధానం లేదు. "సరే, అప్పుడే సీటీ తీసుంటే ఏమయ్యేది?" యాక్సిడెంట్ కేసులో లారీ గుద్దకపోతే మనిషి బతికుండేవాడు. ఇక్కడ క్యాన్సర్‌ని డాక్టర్ తెప్పించలేదు కదా. ఆ ఎక్స్‌రే రోజుకే అది ముదిరిపోయి ఉందని అవతలివాళ్ళు అంటారు, గొంతు బొంగురుపోవడమే దానికి సాక్ష్యం అంటారు, ఛాతీలో గొంతు నరం దాకా పాకితే అట్టా అవుద్దంట. అంటే మనం నిర్లక్ష్యానికి చూపించే గుర్తునే వాళ్ళు తిప్పి మన మీదకి వేస్తారు! ఇంగ్లండ్‌లో గ్రెగ్ వర్సెస్ స్కాట్ అని 2005 తీర్పు ఒకటి చదివా. చంక కింద గడ్డని కొవ్వు గడ్డ అని పంపేశాడు డాక్టర్, తొమ్మిది నెలలు ఆలస్యం అయ్యింది, నయమయ్యే అవకాశం 42 శాతం నుంచి 25 శాతానికి పడిపోయింది. మొదట్నుంచీ సగం కన్నా తక్కువే కాబట్టి ఆలస్యం వల్లే నష్టం జరిగిందని రుజువు కాలేదని కేసు కొట్టేశారు. న్యాయమూర్తుల్లోనే ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. నాకైతే ఆ ఇద్దరి వైపే న్యాయం ఉందనిపించింది, ఉన్న అవకాశంలో అంత భాగం పోతే అది నష్టం కాదంటే ఎట్టా?

విజయవాడలో చూసిన క్యాన్సర్ డాక్టర్ గారు "ముందే వచ్చుంటే ఏదో ఒకటి చేసుండేవాళ్ళం, కనీసం ఇంత నొప్పి ఉండేది కాదు" అని నా ముందే అన్నారు. అదే కాగితం మీద రాసివ్వమంటే నవ్వి ఊరుకున్నారు. ఆయన్ని కూడా తప్పుపట్టలేం, రేపు ఆ డాక్టరూ ఈ డాక్టరూ ఒకే మీటింగులో కూర్చోవాలి.

టైమ్ గురించి కూడా చెప్పాలి. రెండేళ్ళు గడువు, సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నిస్తారు గానీ దాన్ని నమ్ముకోవద్దన్నారు. చనిపోయిన రోజు నుంచి కాకుండా, క్యాన్సర్ అని తెలిసిన సీటీ తారీకు నుంచి లెక్కేసుకుని వేశాం, వాదనకి సందు ఇవ్వడం ఎందుకని. న్యూజెర్సీలో ఉండే మా చెల్లి "ఇక్కడైతే మిలియన్లు వచ్చేవి అన్నయ్యా" అంటుంది గానీ అక్కడా అంత తేలిక్కాదు. న్యూయార్క్‌లో లావెర్న్ విల్కిన్‌సన్ అనే ఆవిడకి 2010లో ఎక్స్‌రేలో మచ్చ కనపడితే ఆవిడకి చెప్పలేదు, 2012లో బయటపడేసరికి కేసు గడువు అయిపోయింది, 2013లో పోయింది. ఆవిడ పేరు మీదే 2018లో చట్టం మార్చి, క్యాన్సర్ కేసుల్లో గడువు తెలిసిన దగ్గర్నుంచి లెక్కపెట్టేలా చేశారు. ఇంకోటి, అక్కడ లాయర్లు గెలిస్తేనే వాటా తీసుకుంటారు, మన దగ్గర వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం కుదరదు. కాబట్టి మనకి ఫీజు ముందే.

హాస్పిటల్లో అడ్మిట్ అయిన వాళ్ళ రికార్డు మూడేళ్ళు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, 2002 నుంచి రూల్ ఉంది. రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి. ఓపీ చీటీలు మాత్రం మన దగ్గరే ఉంటాయి. అవి పోతే కేసు పోయినట్టే.

మా కేసులో డాక్టర్ గారి తరఫున సమాధానం గడువులోపే వచ్చింది. రిపోర్టు చూశామని, సీటీ తీయించుకోమని నోటితో చెప్పామని, పేషెంటే ఖర్చు అని తీయించుకోలేదని రాశారు. ఎప్పుడో మానేసిన చుట్ట కూడా అందులో ఉంది. పిన్ని అది చదివించుకుని విని, "ప్రతిసారీ పక్కన కూర్చున్నది నేనే కదరా, నాకెప్పుడు చెప్పాడు?" అంది. వచ్చే వాయిదాకి ఆవిడ అఫిడవిట్‌లో రాసేది అదే. ఎక్స్‌పర్ట్ ఒపీనియన్, అంటే ఆ జబ్బు తెలిసిన వేరే డాక్టర్ అభిప్రాయం, ప్రతి కేసులో తప్పనిసరి కాదని 2010లో కిషన్ రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆయన మన హైదరాబాద్‌లో మలేరియా డిపార్ట్‌మెంట్ ఉద్యోగి, ఆయన భార్యకి వచ్చిన మలేరియాని టైఫాయిడ్ అనుకుని హాస్పిటల్ వాళ్ళు వైద్యం చేశారు. చివరికి ఆయనకి వచ్చింది 2 లక్షలు. కానీ మాది ఆయన కేసంత తేటగా లేదు, రెండు నెలల దగ్గర ఆగి మళ్ళీ చూడాల్సిందా లేదా అని చెప్పే ఊపిరితిత్తుల డాక్టర్ ఒకరు కావాలి. ఇక్కడ ఎవరూ ముందుకు రావట్లేదు, విశాఖలో ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారు ఫైలు పంపమన్నారు, మొన్నే కొరియర్ చేశాం, ఒరిజినల్స్ మాత్రం పంపలేదు.