చక్కు కొనేముందు దాని వెనకాల మర చూడు, తమ్ముడూ

మొన్న రాత్రి గుంటూరు బ్రాడీపేట నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, కర్ర లేత్ బుక్ చేశా. చిన్నదే, బల్ల మీద పెట్టుకునేది. చక్కు, గౌజులు, ఇంకా ఏవేవో ఉంటాయిగా, అన్నీ ఒకేసారి తెప్పించేస్తా. లిస్టు పంపు" అన్నాడు. "ముందు నీ లేత్ స్పిండిల్ మర ఎంతో, టేపరు ఏ నంబరో కనుక్కుని చెప్పరా" అన్నాను. లిస్టు అడిగితే ఎదురు ప్రశ్న వేశానని వాడికి కాస్త కోపం వచ్చింది. ఎందుకడిగానో ఫోన్లో చెప్పేంత చిన్న సంగతి కాదు, అందుకే రాస్తున్నా. లేత్‌లో కర్రని తిప్పే ఇరుసు స్పిండిల్. దాని చివరి మరకి బిగించి కర్రని పట్టుకునేది చక్కు, తిరిగే కర్రని చెక్కే ఉలి గౌజు. టేపరు అంటే లోపలికి సన్నబడుతూ పోయే రంధ్రం, దాని కొలతలకి ఎంటీ1, ఎంటీ2 (మోర్స్ టేపరు) అని నంబర్లు.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు మా ఇంట్లోకొచ్చింది. అమ్మని పై అంతస్తు వాళ్ళింట్లో కూర్చోబెట్టి, బియ్యం బస్తా, గ్యాస్ బండ, కాగితాలున్న సూట్‌కేసు పైకి చేర్చాక, ఆఖరిసారి దిగి నా గోనెసంచి పట్టుకుపోయా. అందులో గౌజులు, చక్కు, డ్రిల్ బిట్‌ని పట్టే డ్రిల్ చక్కు, కర్ర రెండో కొసని ఆనించి దాంతోపాటే తిరిగే లైవ్ సెంటర్ ఉన్నాయి. లేత్‌ని ఒక్కడినే మెట్లెక్కించలేకపోయా. రోజుల తరబడి బురద నీళ్ళలో ఉండిపోయింది. స్పీడు మార్చే సర్క్యూట్ బోర్డు పోయింది, మోటారు పోయింది, అడుగునుండే ఇనప బెడ్ మీద తుప్పు పొరలు లేచాయి. నాన్న పోయాక నేను సొంతంగా కొనుక్కున్న మొదటి వస్తువు అది.

సామానైతే దక్కింది కదా అన్న ధైర్యంతో కొన్ని నెలలకి కొంచెం పెద్ద లేత్ తీసుకున్నా. బిగించిన రోజు సంచి విప్పితే సగానికి పైగా దానికి పట్టలేదు. పాత స్పిండిల్ మర 18 మిల్లీమీటర్లు, కొత్తది 33. పాతదాని టేపరు ఎంటీ1, దీనిది ఎంటీ2. మొదటిది కొన్నప్పుడు "రేపు ఇంకో లేత్ కొంటే?" అని ఒక్కసారి నన్ను నేను అడిగి ఉంటే ఈ సామానులో చాలా భాగం ఇవాళ కూడా వాడుకుంటూ ఉండేవాణ్ణి.

చక్కు పట్టుకుని ఆటోనగర్ వెళ్ళా. నాన్న స్నేహితుడు ఒకాయన అక్కడ ఇనప లేత్ మీద ముప్పై ఏళ్ళుగా పని చేస్తున్నాడు. "దీని మర 33కి పెద్దది చేసిపెడతారా బాబాయ్?" అని అడిగా. ఆయన చక్కుని వెలుతురుకి తిప్పి చూసి, "తవ్వొచ్చు అబ్బాయ్, కానీ గోడ మిగలదు. కర్రని పట్టే పలకల్ని కదిపే చుట్టు దాకా పోతాం. కర్ర తిరిగేటప్పుడు పగిలిందనుకో, ముందు నిలబడేది నువ్వే" అన్నాడు. చివరికి ఒక అడాప్టరు చేసిచ్చాడు. ఒకవైపు 33 లోమర, రెండోవైపు 18 బయటి మర. పని నిఖార్సుగా చేశాడు, ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు. కానీ అడాప్టరు ఎంత బాగున్నా చక్కుని బేరింగుకి దూరంగా ముందుకి నెడుతుంది. అక్కడ వెంట్రుకవాసి వంకర ఉన్నా గిన్నె అంచు దగ్గరికొచ్చేసరికి చేతికి తెలుస్తుంది. గౌజు ఒక పక్క కోస్తుంది, రెండో పక్క గాల్లో ఉంటుంది. చిన్న చిన్న డబ్బాలు, మూతల వరకు దాంతో నెట్టుకొస్తున్నా. గిన్నెలకి మాత్రం వాడను.

అందుకే తమ్ముడూ, చక్కు విషయంలో ఒకటే పట్టుబడతా: ఇన్సర్టుతో వచ్చేదే తీసుకో. వీటికి చక్కు వెనక పెద్ద రంధ్రం ఉంటుంది. నీ స్పిండిల్ మరకి సరిపోయే ఉక్కు ఇన్సర్టుని అందులో బిగిస్తారు. రేపు లేత్ మారిస్తే ఆ ఇన్సర్టు ఒక్కటి మారిస్తే చాలు, చక్కు అదే, పలకలు అవే. మర నేరుగా చక్కులోనే కోసినవి కాస్త చవకగా వస్తాయి, నేను కొన్నది అలాంటిదే. ఇంకో సంగతి, ఒక కంపెనీ పలకలు ఇంకో కంపెనీ చక్కుకి సాధారణంగా పట్టవు. కాబట్టి చక్కు ఎంచుకోవడమంటే రాబోయే పదేళ్ళకి పలకల కుటుంబాన్ని ఎంచుకున్నట్టే. దానికి ఎన్ని రకాల పలకలు విడిగా దొరుకుతున్నాయో చూసి మరీ కొను. మొదట 50 మిల్లీమీటర్ల మామూలు పలకలు చాలు. చక్కు పట్టుకోడానికి కర్ర చివర గుండ్రంగా చెక్కే మొలక, పలకలు దాదాపు పూర్తి గుండ్రంగా నిలిచే కొలతకి దగ్గరగా ఉండాలి. అప్పుడే పలక అంచంతా కర్రని పట్టుకుంటుంది. మొలక అడుగు చక్కుకి తగలకూడదు, మొలక చుట్టూ ఉన్న కర్ర భుజం మాత్రం పలకల పైన ఆనాలి. ఈ రెండూ పాటించకపోతే ఎంత ఖరీదైన చక్కయినా కర్రని వదిలేస్తుంది.

టేపరు సంగతి సులువు. ఎంటీ2 ఉన్న లేత్ అయితే నిశ్చింతగా మంచి లైవ్ సెంటర్ కొనుక్కో. పెద్ద లేతుల్లో కూడా చాలావాటికి ఎంటీ2యే ఉంటుంది. ఎంటీ1 అయితే సామాను ఇప్పటికి చవకదే తీసుకో. ఎంటీ1 సామానుని స్లీవు (తొడుగు) వేసి ఎంటీ2లో వాడొచ్చు కానీ పొడవు పెరిగి పనికి చోటు తగ్గుతుంది. డ్రిల్ చక్కు కొనేటప్పుడు, టేపరులో దూరే దాని కాడ, అంటే ఆర్బర్, విడిగా ఊడి వచ్చేది చూడు. రేపు ఆర్బర్ మార్చుకుంటే చాలు. నా సంచిలోవాటిలో కొత్త లేత్‌కి అలా ఎక్కినవి గౌజులు కాక ఇదొక్కటే.

గౌజు ఆనించుకునే టూల్ రెస్టులు, కర్రని స్క్రూలతో బిగించే ఫేస్ ప్లేట్లు అదనంగా ఇప్పుడు కొనకు. రెస్టు కాడ లావు లేత్‌ని బట్టి మారుతుంది. ఫేస్ ప్లేటు కావాలంటే ఆటోనగర్‌లో చేయించి పంపుతా.

ఇక అందరూ ఆఖరున కొనేది నువ్వు మొదట కొను: గౌజులకి పదును పెట్టే గ్రైండరు. లేత్ ఏదైనా దానికి సంబంధం లేదు, జన్మంతా ఉంటుంది. 8 అంగుళాల చక్రం, నిమిషానికి 1,400 చుట్ల చిల్లర తిరిగేది. 2,800 తిరిగే చిన్నవి కొత్తవాళ్ళ చేతిలో ఉక్కుని చాలా త్వరగా తినేస్తాయి. బూడిదరంగు చక్రం తీసేసి తెల్లది వేయించు. సీబీఎన్ అనే చాలా గట్టి పదార్థం పూసిన చక్రం తర్వాత ఎప్పుడైనా వేసుకోవచ్చు. నా గ్రైండరు కూడా వరదలో మునిగింది. మోటారు వైండింగు షాపులో ఆరబెట్టించి, బేరింగులు మార్పిస్తే మళ్ళీ లేచింది. అది తిరిగిన చప్పుడు విని అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది.

గౌజులు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) ఉక్కువే తీసుకో. మామూలు కార్బన్ ఉక్కు గ్రైండరు మీద నీలం రంగు తిరిగిందంటే పదును నిలవదు, హెచ్‌ఎస్‌ఎస్‌కి ఆ భయం లేదు. పది ముక్కల సెట్టు వద్దు. చదరపు కర్రని గుండ్రం చేసే రఫింగ్ గౌజు, వంపులు తీసే స్పిండిల్ గౌజు, ముక్క కోసే పార్టింగ్ టూలు, ఏటవాలు అంచు ఉలి స్క్యూ, ఈ నాలుగూ చాలు. గిన్నెలు మొదలుపెట్టాక బౌల్ గౌజు. రఫింగ్ గౌజుని గిన్నె మీద ఎప్పుడూ పెట్టకు, దాని కాడ మెడ దగ్గర సన్నం, పట్టేస్తే విరుగుతుంది. ముఖమంతా కప్పే షీల్డు లేకుండా స్విచ్చి వేయనని నాకు మాటివ్వు. కళ్ళద్దాలు సరిపోవు.

ఇంకో మాట, చక్కు ఈ నెలే కొనక్కర్లేదు. మొదట లేత్ రెండు చివర్లా ఉండే సెంటర్ల మధ్య కర్ర పెట్టి పప్పుగుత్తులు చెయ్యి, బొంగరాలు చెయ్యి, అట్లకాడ పిడి చెయ్యి. మన ఊళ్ళలో మంచం కోళ్ళు, ఉగ్గు గిన్నెలు తీసినవాళ్ళ దగ్గర ఇంత సామాను లేదు. లక్క బొమ్మల ఏటికొప్పాకలో ఇప్పటికీ తిరిగే అంకుడు కర్ర మీద లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే రంగు కరిగి పడుతుంది. దాని మీద మొగలి ఆకు పెట్టి మెరుపు తెస్తారు. ఆ మెరుపు చూసినప్పుడల్లా మనం ముందు సంపాదించాల్సింది చెయ్యి అనిపిస్తుంది నాకు. చక్కుకి దాచిన డబ్బు రెండు నెలలు ఆగితే పాడైపోదు.

ఇది రాస్తుండగానే వాడి దగ్గర్నుంచి ఫొటో వచ్చింది, స్పిండిల్ పక్కన స్కేలు పెట్టి తీశాడు. మర లావు ఒక అంగుళం, అంగుళానికి 8 చుట్లు, టేపరు ఎంటీ2. మంచిది దొరికింది వాడికి. మా వీధిలో వరదకి పడిపోయిన వేపచెట్టు కొమ్మలు కొన్ని కోసి, చివర్లకి మైనం పూసి దాచాను. ఆదివారం బస్సులో నాలుగు ముక్కలు తీసుకెళ్తున్నా. మొదటి పప్పుగుత్తి పిన్నికే ఇవ్వాలని వాడికి ఇప్పుడే చెప్పా.