పాప చేతిలోని ఫోను, మా చేతుల్లోని పని

మా పాపకు రెండేళ్ల రెండు నెలలు వచ్చేనాటికి ఫోను లేకుండా ఒక్క ముద్ద దిగేది కాదు. పప్పన్నం మెత్తగా కలిపి, ఫోనును నీళ్ల చెంబుకు ఆనించి బొమ్మల పాటలు పెడితే నోరు తెరిచేది. మధ్యలో ప్రకటన వచ్చి పాట ఆగితే, ముద్దను బుగ్గన పెట్టుకుని తెరవైపే చూస్తూ అలాగే కూర్చునేది. ఏం తింటున్నదో దానికి తెలిసేది కాదు, కడుపు నిండిందని చెప్పడమూ తెలిసేది కాదు. గిన్నె ఖాళీ అయింది కదా అని మేము సంతోషపడేవాళ్లం.

నేను ఖమ్మం దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా వారు మందుల కంపెనీలో పనిచేస్తారు, వారంలో మూడు రోజులు ఊళ్ల మీదే ఉంటారు. పగలంతా పాపను చూసుకునేది అరవై నాలుగేళ్ల మా అత్తయ్య గారు. మోకాళ్ల నొప్పులతో పిల్ల వెంట పరుగెత్తలేని ఆమె ఫోను ఇచ్చారంటే, అందులో తప్పు పట్టవలసిందేమీ లేదని ఇప్పుడు నిండు మనసుతో చెప్పగలను. అప్పట్లో మాత్రం చెప్పలేకపోయాను, ఒకటి రెండుసార్లు ఆమెతో కటువుగా మాట్లాడాను కూడా.

టీకా కోసం వెళ్లినప్పుడు పిల్లల డాక్టరు గారు, పాప రెండు మాటలు కలిపి చెబుతున్నదా అని అడిగారు. ‘పాలు కావాలి’, ‘నాన్న రా’ వంటి మాటలు రెండేళ్లకు వస్తుండాలట. మా పాపకు విడివిడిగా పదిహేను మాటలకు మించి రావు. వాళ్ల నాన్నకు కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయని బంధువులు చెప్పిన ధైర్యంతో మేము అంతవరకు ఊరుకున్నాం. డాక్టరు గారు ముందుగా వినికిడి పరీక్ష చేయించమన్నారు, పది రోజుల తర్వాత అది బాగానే ఉన్నదని తేలింది. ఫోను వల్లనే మాటలు రాలేదని ఆయన అనలేదు. అయితే తెర ముందు గడిచే ప్రతి గంటా మనిషితో మాట్లాడకుండా పోయిన గంటేనని, ఈ వయసులో పిల్లలు ఎదుటి మనిషి ముఖం చూస్తూ, తాము చేసిన శబ్దానికి జవాబు అందుకుంటూ మాటలు నేర్చుకుంటారని నెమ్మదిగా వివరించారు.

రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గరి బంధువులతో అప్పుడప్పుడూ మాట్లాడే వీడియో కాల్ తప్ప ఏ తెరా వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకు గంట మించకూడదని భారత పిల్లల వైద్యుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనలు కూడా దాదాపు అవే. ఈ అంకెలు విన్నాక నాకు భయం పెరిగిందే కానీ దారి కనిపించలేదు. దారి చూపించింది డాక్టరు గారు చెప్పిన రెండో పని. వారం రోజులపాటు ఒక నోటు పుస్తకంలో పాప ఎప్పుడు ఎంతసేపు తెర చూసిందో, ఆ సమయంలో ఇంట్లోని పెద్దవాళ్లు ఏం చేస్తున్నారో పక్కపక్కనే రాయమన్నారు.

వారం చివర లెక్క వేస్తే రోజుకు సగటున మూడు గంటల నలభై నిమిషాలు తేలింది. ఫోను ఎంతసేపు వాడామో లెక్కగట్టే డిజిటల్ వెల్‌బీయింగ్ అన్న ఏర్పాటు నా ఫోనులో ఉన్నా, అది అందులో సగమైనా చూపించలేదు, ఎందుకంటే అత్తయ్య గారి ఫోనూ, టీవీ దాని లెక్కలోకి రావు. మొత్తం సమయం కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది రెండో వరుస. అందులో ‘అన్నం తినిపించడం’, ‘వంట’, ‘అత్తయ్య నడుం వాల్చడం’, ‘నేను నోట్సు రాసుకోవడం’ అన్న నాలుగే మళ్లీ మళ్లీ వచ్చాయి. పాప ఫోను కోసం ఏడ్చిన సందర్భాల కంటే, మా పనికి అడ్డు రాకుండా మేమే చేతికిచ్చిన సందర్భాలు ఎక్కువ. ఆ పేజీ మా వారికి చూపించినప్పుడు, ఆయన చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, రాత్రి అన్నం ఇకమీదట తాను తినిపిస్తానని, ఊళ్లో లేని రోజులు మాత్రం నన్ను చూసుకోమని అన్నారు.

అన్నీ ఒకేసారి మానిపించవద్దని డాక్టరు గారు ముందే హెచ్చరించారు కాబట్టి భోజనంతోనే మొదలుపెట్టాం. మొదటి మూడు రోజులు చాలా కష్టంగా గడిచాయి. పాప గిన్నె తోసేసింది, రెండు పూటలు దాదాపు ఏమీ తినలేదు. పిల్ల ఆకలితో పడుకుంటున్నదని అత్తయ్య గారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఒకటి రెండు పూటలు తక్కువ తిన్నా నష్టం లేదని డాక్టరు గారే స్వయంగా ఆమెతో ఫోనులో చెప్పిన తర్వాత గానీ మాకు నిలకడ రాలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం పాప తనంతట తాను బెండకాయ ముక్క తీసి, దాని జిగురు వేళ్లకు అంటుకుంటే ఆశ్చర్యంగా చూసుకుని, నోట్లో పెట్టుకుంది. అన్నాన్ని చేత్తో తాకడం దానికి అదే మొదలు.

సాయంత్రం వంట వేళకు దారి చూపింది అత్తయ్య గారే. కూర్చున్న చోటు నుంచి లేవకుండా పాపతో చేయించగల పని ఏదో ఒకటి ఉండాలని ఆలోచించి, కరివేపాకు రెబ్బలు దూయడం నేర్పారు. బఠానీలు ఒలిపిద్దామని మొదట అనుకున్నాం కానీ, గింజలు ముక్కులో దోపుకుంటుందన్న భయంతో మానుకున్నాం. పాప ఒక్కో ఆకునూ చిటికెన వేలితో సహా ఐదు వేళ్లతో పట్టుకుని పీకి, గిన్నెలో వేసి, ‘ఇంకోటి’ అనేది. ‘ఇంకోటి ఎవరికి?’ అని అత్తయ్య గారు అడిగేవారు. మూడో వారంలో ఒక సాయంత్రం ‘ఇంకోటి నాన్నకి’ అన్న మాట వంటింట్లో ఉన్న నాకు వినిపించింది. స్టవ్ ఆపి బయటికి వచ్చి, ఇద్దరినీ చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయాను.

రాత్రి ఫోనులన్నీ ముందు గదిలోనే ఛార్జింగుకు పెట్టి, పడకగదికి ఒక మామూలు అలారం గడియారం కొన్నాం. పదకొండుకు గానీ పడుకోని పిల్ల నెల తిరిగేసరికి తొమ్మిదిన్నరకే కళ్లు నలుపుకోవడం మొదలుపెట్టింది. డల్లాస్‌లో ఉన్న బాబాయితో ఆదివారం మాట్లాడే వీడియో కాల్ మాత్రం ఆపలేదు, ఎందుకంటే అక్కడ అవతలివైపు ఒక మనిషి ఉండి జవాబిస్తాడు.

అన్నీ సాఫీగా జరగలేదు. జ్వరం వచ్చిన వారంలోనూ, ఒక పెళ్లి ప్రయాణంలోనూ ఫోను మళ్లీ వచ్చింది, ఆ తర్వాత దాన్ని మళ్లీ మానిపించడానికి ఐదారు రోజులు పట్టింది. పెళ్లిలో ‘పాపం, ఏడుస్తోంది’ అంటూ చుట్టాలు ఎవరి ఫోను వాళ్లు చేతికి అందిస్తుంటే వారించడం నాకు అన్నిటికంటే కష్టంగా తోచింది.

ఇప్పుడు పాపకు మూడేళ్లు నిండాయి, చిన్న చిన్న వాక్యాలు చెబుతున్నది. రోజుకు అరగంట, ఫోనులో కాక టీవీలో, మాలో ఒకరు పక్కన కూర్చుని చూపిస్తాం. తనంతట తానే తర్వాతి వీడియో మొదలయ్యే ఏర్పాటును ఆపేశాం. చేతిలో తెర లేనందువల్ల, వేలితో తోసి ఇంకొకటి తెచ్చుకునే అవకాశం కూడా దానికి లేదు.

అత్తయ్య గారికి వచ్చే నెల మోకాలి ఆపరేషన్. ఆరు వారాలపాటు సాయంత్రం గంటన్నర ఎవరు పాప పక్కన ఉంటారన్న ప్రశ్న మళ్లీ మొదటికి వచ్చింది. మా వారు రెండు వారాలు బయటి ఊళ్ల పని మార్పించుకున్నారు, మూడో వారం మా అమ్మ వస్తానన్నది. మిగిలిన మూడు వారాల గడులు పాత నోటు పుస్తకంలో ఇంకా ఖాళీగానే ఉన్నాయి.