ప్యాడ్లు కాదన్నా, గొట్టం

పోయిన నెల మిర్యాలగూడ నుంచి నల్లగొండ వస్తుంటే ముందున్న ధాన్యం లారీ ఉన్నట్టుండి ఆగింది. నేనూ బ్రేక్ గట్టిగా తొక్కిన, బండి ఆగింది, అంతవరకు బాగనే ఉంది. మళ్లీ కదిలిస్తే మాత్రం బండి ముందుకు రానంటది, వచ్చినా ఎడమకే గుంజుతది. ఇంటికొచ్చి ముందరి ఎడమ చక్రం మీద నాలుగు నీళ్ల చుక్కలు చల్లితే పెనం మీద చల్లినట్టు సుయ్‌మన్నది.

బండి మా నాన్న కొన్న మారుతి 800, 2003 మోడల్. ఎవరినడిగినా ఒకటే మాట, బ్రేక్ ప్యాడ్లు మార్చు. ఒక షెడ్డులో మార్పించిన కూడా. వారం తిరగలేదు, మళ్లీ అదే కథ. ఇంక ఆదివారం పూట నేనే కింద దూరిన.

ముందు చేసిన పరీక్ష ఇది. చక్రం లేపి, బ్రేక్ ఒకసారి తొక్కి వదిలిన. చక్రం బిగుసుకుపోయింది, రెండు చేతులతో తిప్పినా కదలదు. అప్పుడు క్యాలిపర్ మీది, అంటే ఆయిల్ ప్రెషర్‌తో పిస్టన్ తోసి ప్యాడ్లను నొక్కే భాగం మీది, గాలి తీసే నిప్పల్ పావు చుట్టు వదులు చేసిన. చిర్రున ఆయిల్ చిమ్మింది, చక్రం ఒంటి చేత్తో గిర్రున తిరిగింది. అంటే క్యాలిపర్ పిస్టన్ బాగనే ఉంది, ప్రెషర్ వెనక్కి పోలేక లోపల ఇరుక్కుంటున్నది. తప్పు పెడల్ తొక్కితే చక్రాలకు ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్‌దే అయితే ఇంకో చక్రం కూడా పట్టుకోవాలి, పట్టుకోలే. ఇక మిగిలింది ఇనుప పైపు నుంచి క్యాలిపర్‌కు ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం, హోస్. పైకి ఒక్క పగులు లేదు, నల్లగా నిగనిగలాడుతున్నది. లోపలి పొర ఉబ్బి దారి మూసుకుంది. కాలి బలానికి ఆయిల్ లోపలికి పోతది, వెనక్కి రావడానికి మాత్రం అంత బలం ఉండదు కదా. విప్పినాక నోటితో ఊది చూసిన, బుగ్గలు నొప్పిపుట్టినయి తప్ప గాలి పోలేదు.

హోస్ విప్పడం కన్నా ఇనుప పైపు నట్టు విప్పడమే అసలు యుద్ధం. మామూలు 10 నంబర్ పానా పెడితే మూలలు అరిగి నట్టు గుండు అయిపోతది. పైపును చుట్టి పట్టుకునే ఫ్లేర్ నట్ పానా అని వేరే దొరుకుతది, అది లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. ముందురోజు రాత్రే జంగు వదిలే స్ప్రే కొట్టి పెట్టిన, అయినా రెండో నట్టుకు పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా పట్టింది. మధ్యలో మా బామ్మర్ది ‘‘బావా, షెడ్డుకు ఇచ్చేద్దాం’’ అని మూడుసార్లన్నడు.

కింద ఉన్నప్పుడే వెనక చక్రాల వైపు పోయే ఇనుప పైపు కూడా చూసిన. క్లిప్పు కింద మట్టి పట్టి, తడి ఆరక, సరిగ్గా అక్కడే జంగు తిన్నది. గోరుతో గీకితే పెచ్చులు రాలినయి. దాన్నీ మార్చక తప్పలేదు. హోస్‌లు, పైపు హైదరాబాద్ పుత్లీబౌలీ నుంచి తెప్పించుకున్న. పాత పైపు పక్కన పెట్టుకుని, సీసా చుట్టూ మెల్లగా వంచుతూ అచ్చం అలాగే తయారుచేసిన. పైపు మూతి మాత్రం వెడల్పు చేసి మడవాలి, దాన్నే ఫ్లేర్ అంటరు, అది రెండు మడతలది కావాలి, ఒక్క మడత వేస్తే ప్రెషర్‌కు చిట్లుతది. టూల్ పట్టి, నూనె రాసి, ఊపిరి బిగబట్టి వేసిన ఫ్లేర్ ఎంత అందంగా వచ్చిందో! మురిసిపోయి తల తిప్పితే నట్టు షాబాద్ బండ మీద కూర్చుని నన్నే చూస్తున్నది. నట్టు ముందు ఎక్కించాలి, తర్వాత మూతి మడవాలి. కోసి మళ్లీ మొదటి నుంచి.

క్యాలిపర్ దగ్గర బోల్టుకు రెండు పక్కల రాగి వాషర్లుంటయి, అవి కొత్తవే వేయాలి. హోస్ మెలికపడకుండా బిగించి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి టైరుకు రాసుకోవట్లేదని చూసుకోవాలి. బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లు పోయండి. నా ఫెండర్ మీద అర్ధరూపాయి అంత మచ్చ మిగిలింది, ఫోన్ మాట్లాడుతూ చూసుకోలే.

పైపులు విప్పితే లోపలికి గాలి చేరుతది, ఆ గాలి తీయడం ఇద్దరి పని. మాస్టర్ సిలిండర్ కుడి పక్కన కాబట్టి దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టినం. నేను ‘‘తొక్కు’’ అంటే బామ్మర్ది బ్రేక్ తొక్కాలి, నిప్పల్ బిగించి ‘‘ఇడువు’’ అనేదాకా కాలు తీయొద్దు. మావాడు ఫోన్ మోగంగనే కాలు తీసిండు, సర్రున గాలి లోపలికి. మళ్లీ మొదలు. పాత ఆయిల్ డికాక్షన్ రంగులో వచ్చింది. ఈ ఆయిల్ గాలిలో తేమ పీలుస్తది, కొత్త డాట్ 3 రకం ఆయిల్ అయితే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు గానీ తడి పట్టినాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. అందుకే సీల్ తీయని డబ్బానే వాడిన, పోయినేడు సగం మిగిలిన డబ్బా పక్కన పెట్టేసిన. మాస్టర్ సిలిండర్ మీది డబ్బాలో ఆయిల్ మట్టం తగ్గకుండా మధ్యమధ్యలో పోస్తూనే ఉండాలి.

ఇంకో సంగతి, జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరకండి. షాబాద్ బండలు నున్నగా ఉంటయి, జాకీ జారుతది. స్టాండ్లు పెట్టి, మిగతా చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టినాకే పడుకున్న.

ఇంజన్ స్టార్ట్ చేసి, బామ్మర్దిని నిమిషం సేపు గట్టిగా తొక్కి పట్టమని, ప్రతి జాయింటు వేలితో తడిమి చూసిన. పొడిగానే ఉంది. సాయంత్రం పానగల్లు వైపు, ఉదయ సముద్రం దగ్గర ఖాళీ రోడ్డు మీద పది సార్లు బ్రేక్ కొట్టిన, బండి గీత గీసినట్టు ఆగింది. చక్రాలు నాలుగూ చేత్తో పట్టుకోగలిగిన.

అయినా టెన్షన్ పోలే. రాత్రి నాలుగు చక్రాల కింద నాలుగు పేపర్లు పరిచిన. తెల్లారి చూస్తే మూడు పొడి, వెనక కుడి పేపర్ తడి. గుండె జారింది. వేలు పెట్టి రాసి చూసిన, ఆయిల్ జిడ్డు లేదు. వాసన చూసినంక అర్థమైంది, పక్కింటోళ్ల కుక్క రాత్రి వచ్చి పోయింది.