నడుం నొప్పితో ఏడు నెలలు: నా అనుభవం

నిన్న ఫిజియో మేడమ్ "ఇంక నెలకోసారి కనబడితే చాలమ్మా" అన్నారు. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సెక్కి నరసన్నపేటలో దిగేదాకా కూర్చునే వచ్చాను. ఏడు నెలల కిందట ఇదే దారిలో కూర్చోలేక, నిలబడలేక, సీటు కమ్మీ పట్టుకుని ఏడ్చాను. మరిచిపోకముందే రాస్తున్నాను.

నాకు నలభై రెండేళ్లు. పద్దెనిమిదేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. పెళ్లిళ్ల రోజుల్లో పది గంటలు మిషన్ మీదే ఉంటాను. మొన్న వైశాఖంలో నేలమీద గుడ్డ పరిచి కత్తిరించి లేవబోతే నడుం పట్టేసింది. ఎడమ పిర్ర నుంచి పిక్క దాకా ఒకటే మంట. మా అత్త "ఏటైనాదే, లెగలేకపోతన్నావు?" అంటూ, ఎదురుకాళ్లతో పుట్టాడని మా ఆడపడుచు కొడుకు చేత నడుం తొక్కించింది. తగ్గలేదు. పది రోజులు బిళ్లలు మింగాను. స్కానింగ్‌కి డబ్బు పోవడం తప్ప కష్టం లేదు. డాక్టరు రిపోర్టు చూసి "ఎల్‌ఫోర్ ఎల్‌ఫైవ్ దగ్గర డిస్క్ ఉబ్బింది. వంగొద్దు, బరువెత్తొద్దు, కింద కూర్చోవద్దు" అని బెల్టు రాసి, ఫిజియోథెరపీకి వెళ్లమన్నారు. డిస్క్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలాంటిది. ఆయన నా నడుం మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

అసలు బాధ ఆ ఫిజియో క్లినిక్‌లో మొదలైంది. పది సిట్టింగులకి డబ్బు ముందే కట్టించుకున్నారు. రోజూ ఒక కుర్రాడు వచ్చి నడుం మీద ప్యాడ్లు అంటించి కరెంట్ పెట్టేవాడు. తర్వాత నడుముకీ ఛాతీకీ పట్టీలు కట్టి మిషన్‌తో లాగించేవాడు. మిషన్ ఆన్ చేసి బయటికి వెళ్లి ఫోన్ చూసుకునేవాడు. రెండో రోజు బొమ్మలున్న కాగితం ఒకటి ఇచ్చాడు, రాసిందంతా ఇంగ్లీషే. అందులో ఒక బొమ్మ ముందుకి వంగి కాలివేళ్లు అందుకోమంటుంది. వంగొద్దని డాక్టరు చెప్పాడు, వంగమని కాగితం చెబుతోంది. అయినా రెండు రోజులు చేశాను. పిక్కలో మంట పాదం దాకా దిగింది. భయమేసి మానేశాను. కుర్రాణ్ని అడిగితే "సార్‌ని అడగండి" అన్నాడు. ఆ సార్ ఏడో రోజుకి గాని కనబడలేదు.

వచ్చీ రాగానే "సున్నా నుంచి పదికి నొప్పి ఎంత?" అన్నాడు. పొద్దున్న లేచేటప్పుడు తొమ్మిది, వంట చేసేటప్పుడు ఐదు, మిషన్ మీద పావుగంట దాటితే మళ్లీ తొమ్మిది అని చెబుతున్నాను. "ఒక్క నంబరు చెప్పండి" అని కసిరాడు. ఎనిమిది అన్నాను. "మొదటి రోజూ ఎనిమిదే. ఎక్సర్‌సైజులు చేస్తున్నారా?" అన్నాడు. వంగేది ఎందుకు మానేశానో చెప్పబోయాను. పూర్తిగా విననేలేదు. పరదా తీసే ఉంది. పక్క మంచాల మీద జనం ఉన్నారు. అందరికీ వినబడేలా "మీలాంటివాళ్లకి తగ్గాలని ఉండదమ్మా. పని తప్పించుకోవడానికి నడుం నొప్పికి మించింది లేదు" అన్నాడు.

పక్క మంచం మీదావిడ నవ్వింది. ఆవిడ కూతురి పెళ్లి జాకెట్లు నా దగ్గర కుట్టకుండానే ఉండిపోయాయి. మర్నాటికి ఆ మాట మా వీధంతా తిరిగింది. ముగ్గురు గుడ్డలు వెనక్కి పట్టుకుపోయారు. ఆ రాత్రి మా ఆయన అన్నం తింటూ "నిజంగా అంత నొప్పేనా?" అని అడిగారు. కోపంగా కాదు, మెల్లగానే అడిగారు. ఆ మాటకి పట్టిన దుఃఖం నడుం నొప్పికి కూడా పట్టలేదు. చెయ్యి విరిగితే కట్టు కనబడుతుంది, జ్వరమొస్తే ఒళ్లు కాలుతుంది. నడుం నొప్పికి సాక్ష్యం మనిషి మాటే. రెక్కల కష్టం మీద బతికేదాన్ని పని తప్పించుకుంటున్నావనడం కన్నా పెద్ద నింద లేదు. మిగిలిన మూడు సిట్టింగులకి నేను వెళ్లలేదు, వాళ్లు డబ్బు తిరిగివ్వలేదు. ప్యాకేజీ అని ముందే డబ్బు అడిగే చోట కట్టకండి, ఏ రోజుకి ఆ రోజు ఇస్తామని చెప్పండి.

నర్సింగ్ చదివే పక్కింటి అమ్మాయి చెబితే శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. ఓపీ చీటీకి లైను పెద్దదే. ఫిజియో మేడమ్ నా స్కాన్ కవరు తీసుకుని పక్కన పెట్టేశారు. "ఏం పని చేస్తావు? ఎలా కూర్చుంటావు? ఈ నొప్పి ఎందుకొచ్చిందని నువ్వనుకుంటున్నావు?" అని అడిగారు. డిస్క్ జారిపోయి కాళ్లు పడిపోతాయని భయంగా ఉందన్నాను. అప్పుడు మునివేళ్ల మీద, మడమల మీద నడిపించారు. పడుకోబెట్టి కాలు చాపి పైకెత్తారు, మోకాలి మీద సుత్తితో కొట్టి చూశారు. కూర్చుంటే కుర్చీకి ఆనే చోట తిమ్మిరి, ఒంటేలు ఆగిపోవడం, పాదం పైకి లేవకుండా వేలాడిపోవడం ఉన్నాయా అని అడిగారు. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే పెద్దాసుపత్రికి పరుగెత్తాలట. ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి.

"నొప్పే లేని నలభై ఏళ్లవాళ్లకి స్కాన్ తీసినా సగం మందికి డిస్క్ ఉబ్బే కనబడుతుంది. నీ కాళ్లలో బలం ఉంది, పడిపోవు" అన్నారు. మా అమ్మాయి ఫోన్‌లో వెతికి చూపించింది. 2015లో 3,110 మంది నొప్పి లేనివాళ్ల స్కాన్లు కలిపి చూసి ఆ లెక్క తేల్చారు. యాభై ఏళ్లకి నూటికి అరవై మందికి ఉంటుందట. మూడు నెలలు దాటిన నడుం నొప్పికి బెల్టులు, మిషన్‌తో లాగించడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చెప్పిందని కూడా అందులోనే చూశాను. ఆ రెండూ నాకు మొదట అంటగట్టినవే.

తర్వాత మేడమ్ "తగ్గడమంటే నీకేంటమ్మా?" అని అడిగారు. అంతవరకు ఎవరూ అడగలేదు. నంబరు చెప్పలేదు నేను. గంటసేపు మిషన్ మీద కూర్చోవాలి, నేలమీద గుడ్డ పరిచి కత్తిరించాలి, బస్సులో కూర్చుని అరసవల్లి వెళ్లాలి అన్నాను. ఆ మూడూ చీటీ వెనక తెలుగులో రాసుకున్నారు. నేను కరెంట్ పెట్టరా అని అడిగితే "అందరూ అదే అడుగుతారు. పెట్టకపోతే వైద్యం చెయ్యలేదనుకుంటారు. కరెంట్ తీసేశాక కదలాల్సింది నువ్వే కదా" అన్నారు. బోర్లా పడుకుని మోచేతుల మీద లేవడం నేర్పారు. నొప్పి పిక్క నుంచి నడుంలోకి ఎక్కితే మంచిదే, కిందికి దిగితే ఆపేయమన్నారు. బాబిన్‌లో దారం అయిపోయినప్పుడల్లా లేచి పది అడుగులు వెయ్యమన్నారు. నడక పది నిమిషాలతో మొదలై ఇప్పుడు నలభైకి వచ్చింది. మధ్యలో శ్రావణమాసం గిరాకీకి ఒకేసారి ఆరు గంటలు కూర్చుని మళ్లీ పట్టేసుకుంది. తిడతారనుకుంటే "పాడైపోలేదు, తొందరపడ్డావంతే" అన్నారు.

నొప్పి పూర్తిగా పోలేదు. పొద్దున్న పట్టినట్టు ఉంటుంది, కాఫీ తాగేలోపు సర్దుకుంటుంది. నిన్న మేడమ్ "ఈ వారం ఎన్ని జాకెట్లు?" అన్నారు. పదకొండు అన్నాను. వాటిలో నాలుగు నేలమీదే కత్తిరించాను.

ఇంటికొచ్చేసరికి ఆ రోజు క్లినిక్‌లో నవ్వినావిడ గుడ్డ పట్టుకుని మా అరుగు మీద కూర్చుని ఉంది. కొలతలు తీసుకున్నాను. సంక్రాంతి తర్వాతే ఇవ్వగలనని చెప్పాను.