చెంచాడు నూనె లెక్క

మా పాప 30 వారాలకే పుట్టింది. బరువు 1,290 గ్రాములు. మహబూబ్‌నగర్‌లో ఆస్పత్రి పెట్టెలో పడుకోబెడితే నా చూపు దాని తొడల మీదే ఆగింది. తొడలనడానికి లేదు. కొలత తప్పి కుట్టిన లాగు లెక్క చర్మం వేలాడుతోంది, కింద నీలం నరాలు. నర్సమ్మ రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే చర్మానికి చర్మమే తగిలింది, నడుమ ఏమీ లేదు.

మా అమ్మ అద్దంలోంచి చూసి బయటికొచ్చి ఒక్కటే మాట అన్నది: "నెయ్యి పెడ్తె ముట్టకపాయె. పిల్లకు కండ యాడికెల్లొస్తది?"

నా భార్య కుట్లు పట్టుకొని బెంచీ మీద కూర్చుని ఉంది. విన్నది. తల వంచుకున్నది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎందుకంటే అప్పుడు నాకూ జవాబు తెలియదు.

తెలియకపోవడం సిగ్గే. వనపర్తి దగ్గర పల్లి నూనె మిల్లులో పన్నెండేళ్లుగా ల్యాబ్ పని నాది. పొద్దున లేస్తే ఫ్యాటీ యాసిడ్లే, అంటే కొవ్వును కట్టే ఇటుకలు. నూనె రకాన్ని పట్టిచ్చే అయోడిన్ వాల్యూ అనే కొలత తీస్తా, డబ్బా నూనెలో పామాయిల్ కలిసిందో లేదో చెబుతా. సొంత బిడ్డ ఒంట్లోని కొవ్వు ఏ సరుకుతో తయారైందో చెప్పలేకపోయాను. రాత్రుళ్లు ఆస్పత్రి వరండాలో ఫోను పట్టుకుని అదే చదివాను.

ముందు లెక్క. కడుపులో పిల్లకు కొవ్వు పట్టేది దాదాపుగా చివరి మూడు నెలల్లోనే. కిలో పావు బరువున్న పిల్లలో కొవ్వు మహా అయితే 60, 70 గ్రాములు. నెలలు నిండి మూడు, మూడున్నర కిలోలతో పుట్టిన పిల్లలో 350 గ్రాముల పైనే. అంటే ఆ చివరి పది వారాల్లో సగటున రోజుకు నాలుగైదు గ్రాములు పడుతుంది. మా ల్యాబ్ త్రాసు మీద చెంచాడు నూనె పెడితే అంతే తూగుతుంది. రోజుకో చెంచాడు చొప్పున మా పాపకు రావాల్సిన డెబ్బై చెంచాలు రాకుండానే అది బయటపడింది.

మరి ఆ చెంచాడు ఎక్కడిది? నెయ్యి నుంచి కాదు. కడుపులో పిల్లకు ముఖ్యమైన ఇంధనం గ్లూకోజ్. తల్లి తిన్న అన్నమో జొన్నరొట్టెనో చక్కెరై మాయ (ప్లసెంటా) దాటుతుంది, పిల్ల తన కొవ్వులో ఎక్కువ భాగాన్ని ఆ చక్కెరతో తానే చేసుకుంటుంది. ఆనవాలు ఆ కొవ్వులోనే ఉంటుంది. అందులోని ఫ్యాటీ యాసిడ్లలో అన్నిటికన్నా ఎక్కువ పామిటిక్, తర్వాత ఓలిక్. పామిటోలిక్ అని ఇంకొకటి, పల్లి నూనెలో అది ఉండీ లేనట్టు ఉంటుంది, పుట్టిన పిల్లలో మాత్రం బాగా కనిపిస్తుంది. ఒళ్లు సొంతంగా వండుకున్న కొవ్వుకు అదొక ముద్ర. మన శరీరం తయారు చేసుకోలేని లినోలిక్ అనే ఫ్యాటీ యాసిడ్ పల్లి నూనెలో మూడో వంతుకు దగ్గరగా ఉంటుంది, అప్పుడే పుట్టిన పిల్ల కొవ్వులో ఒకటి నుంచి మూడు శాతమే. మాయ దాన్ని దాటించదని కాదు, మెదడుకు కావలసిన డీహెచ్ఏ అనే ఫ్యాటీ యాసిడ్ లాంటివాటిని ఏరి మరీ పంపిస్తుంది. కానీ తొడల మీద నింపే సరుకు తల్లి వంటింటి నూనె కాదు.

ఇది చదివిన రాత్రే అమ్మను లేపి చెప్పాలనిపించింది. లేపలేదు. పగలు చెప్తే "నీ మిల్లు లెక్కలు నాకొద్దు" అన్నది.

డిసెంబర్ నెల. మిల్లులో పొద్దున పొద్దున పల్లి నూనె మబ్బు పడుతుంది, కొబ్బరి నూనె రాయిలా గడ్డకడుతుంది. పామిటిక్ ఎక్కువైన కొవ్వు కూడా చలికి తొందరగా బిగుసుకుంటుంది. నెలలు తక్కువ పిల్లలు చలికి, జబ్బుకు చిక్కినప్పుడు చర్మం కింద కొవ్వు గట్టిపడే స్క్లెరెమా అనే ప్రమాదకరమైన స్థితికి ఇదొక కారణమంటారు. అది చదివాక డాక్టరు నన్ను చొక్కా విప్పి పాపను ఛాతీకి ఆనించుకోమంటే మారు మాట్లాడలేదు. పుట్టిన పిల్లల్లో మెడ చుట్టూ, రెక్కల నడుమ గోధుమ రంగు కొవ్వు ఉంటుంది, వణకకుండానే వేడి పుట్టిస్తుంది. నెలలు నిండనివాళ్లకు అదీ తక్కువే. 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైందట ఈ కంగారూ పద్ధతి. రోజుకు నాలుగు గంటలు కూర్చునేవాణ్ని. వెచ్చని నీళ్లసంచి పెట్టుకున్నట్టు ఉండేది, కాళ్లు మాత్రం నా పొట్ట మీద చల్లగా తగిలేవి.

పాలు ట్యూబుతో పట్టేవాళ్లు, మొదట 5 మిల్లీలీటర్లు. సిరంజి ఎత్తి పట్టుకునే పని నాది. ఖాళీ అయ్యాక గోడకు సన్నని జిడ్డు పొర కనిపించింది. బీకరు కడగకపోతే మా ల్యాబులో ఉండే పొరే. తల్లిపాల కేలరీల్లో సగం దాకా కొవ్వు నుంచే వస్తాయి, అది ప్లాస్టిక్‌కు అంటుకుపోతోంది! చూపిస్తే నర్సమ్మ నవ్వి, "అవును సార్, పాలు పోసేముందు కొంచెం కదపండి" అన్నది. ఆ తర్వాత ప్రతిసారీ మెల్లగా తిప్పేవాణ్ని. పక్క పెట్టె తండ్రికీ నేర్పాను.

నలభై ఒక్క రోజులకు ఇంటికొచ్చాం. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. అమ్మ సగం కరెక్టు. పుట్టాక లెక్క మారిపోతుంది. తల్లి తిండితో పాలలో కొవ్వు ఎంత అనేది పెద్దగా మారదు, ఏ రకం కొవ్వు అనేది మారుతుంది. 1975లో ఎల్సీ విడోసన్ అనే శాస్త్రవేత్త బృందం బ్రిటన్, నెదర్లాండ్స్ పిల్లల కొవ్వును పోల్చింది. పుట్టినప్పుడు ఇద్దరిదీ ఒకటే. ఆవుపాల కొవ్వున్న డబ్బాపాలు తాగిన బ్రిటన్ పిల్లల్లో లినోలిక్ అలాగే తక్కువగా ఉండిపోయింది. మొక్కజొన్న నూనె కలిపిన డబ్బాపాలు తాగిన డచ్చి పిల్లల్లో కొన్ని నెలలకే 40 శాతం దాటింది. ఏ నూనె పోస్తే ఆ నూనే ఒంట్లో. మిల్లు మనిషికి ఇంతకన్నా బాగా అర్థమయ్యే సంగతి లేదు.

ఇప్పుడు పాపకు అయిదో నెల. మొన్న ఆదివారం అమ్మ కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెడుతుంటే తొడ మీద మొదటి ముడత కనిపించింది. అమ్మ దాన్ని వేలితో మీటి, "సూడు, నా నెయ్యి" అన్నది.

వంటింట్లో పోపు వేస్తున్న నా భార్య ఇటు తిరగనైనా తిరగలేదు.

"పల్లి నూనె, అత్తమ్మా."