ఒడియాలోకి వెళ్ళిన 'ఇంటిదొంగ'

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగూ ఒడియా రెండూ. నా థ్రిల్లర్ నవల 'ఇంటిదొంగ'ని ఒడియాలో వేస్తామన్నారు. అనువాదం చకచకా అయిపోయింది గానీ పేరు దగ్గర బండి ఆగింది.

'ఇంటిదొంగ' అంటే చాలు, ఈశ్వరుడైనా పట్టలేడన్న మిగతా సగం మనకి దానంతటదే గుర్తొస్తుంది. 'ఘర చోర' అని మక్కీకి మక్కీ దించితే ఆ కిటుకు పోయింది. అనువాదం చేసిన మాస్టారు 'ఘర ఢింకి కుంభీర' అన్నారు. ఇంట్లో వడ్లు దంచే ఢింకే మొసలైందని ఒడియా నానుడి. అయినవాళ్ళే ముంచితే అంటారు. నాకు భలే నచ్చింది. బరంపురం ప్రచురణకర్త మాత్రం పెదవి విరిచారు.

"నవ్వుల కథ అనుకుంటారు బాబూ. పైగా అట్ట మీదే దొంగని పట్టిచ్చేస్తే లోపల చదవడానికి ఏటుంటాది?"

న్యాయమే. పేరు మారడం కొత్తేం కాదు కూడా. స్వీడన్ థ్రిల్లర్ రచయిత స్టీగ్ లార్సన్ నవల 2005లో స్వీడిష్‌లో 'ఆడవాళ్ళని ద్వేషించే మగవాళ్ళు' అన్న అర్థంతో వచ్చింది. ఫ్రెంచి, స్పానిష్ వాళ్ళు 'ద్వేషించే'ని 'ప్రేమించని' అని మెత్తబరిచారు. జర్మన్‌లో ఒకటే మాట, 'ఫెర్‌బ్లెండుంగ్': కళ్ళు కప్పేసే భ్రమ. 2008లో ఇంగ్లీషుకొచ్చేసరికి మగవాళ్ళు మాయమై 'ది గర్ల్ విత్ ది డ్రాగన్ టాటూ' అయింది. ఆ నవలల వరసలో మూడో భాగానికి స్వీడిష్‌లో పేలిపోయిన గాలిమేడ అని పేరు. ఇంగ్లీషులో అక్కడా 'గర్ల్' వచ్చి కూర్చుంది. వరస కుదిరింది, అమ్మకానికి పనికొచ్చింది. కానీ రచయిత వేలెత్తి చూపిన నేరం అట్ట మీంచి జారిపోయిందని నాకు గుర్రు. లార్సన్ 2004లోనే పోయారు, అడుగుదామన్నా మనిషి లేడు.

నేను బతికే ఉన్నాను గనక పట్టుబట్టాను. దొంగతనం వాసన తగలాలి, దొంగ మాత్రం దొరక్కూడదు. మాటల్లో మాటగా 'చోరాబాలి' తేలింది. ఒడియాలో ఊబికి ఆ మాటే. నవల్లో శవం దొరికేది మహేంద్రతనయ ఏటి ఇసుకలో, పైగా 'చోర' అందులోనే ఉంది. ఇదే పేరుతో ఇంకేదైనా ఉంటేనో? ఉత్త శీర్షికకి కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది కదా అని ముందుకెళ్ళాం. అనువాదానికి వేరే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు) తీసుకోవాలి, దరఖాస్తులో ఆ పేరే రాశాం. చదివిన కథే మళ్ళీ కొనుక్కుని ఎవరూ తిట్టుకోకుండా లోపలి పుటలో 'తెలుగు మూలం: ఇంటిదొంగ' అని వేయించాను.

మాస్టారు ఇప్పటికీ ఢింకి పేరే బాగుండేదంటారు. దొంగ దొరికే అధ్యాయానికి అది పెట్టుకోమన్నాను. పెట్టేశారు.